ఫీజు కట్టాక బిడ్డకు ఇంకా ఏం కావాలి?



సొసైటీ పెద్దలు ఈ ఏటి సావనీరుకు చదువు మీద ఒక వ్యాసం రాసివ్వమన్నారు. యాప్రాల్ చుట్టుపక్కల పిల్లలకు పాతికేళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. మార్కులు పెంచుకునే మార్గాల గురించి రాయడం నాకు తేలికే. కానీ దాతలు చదివే పుస్తకంలో అంతకన్నా ముందు చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది.

మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో పిల్లలకు ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు అందుతున్నాయి. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి. అయితే వీటన్నిటినీ అందుకునే బిడ్డకు ఒక మనసు కూడా ఉంది. వయసు పెరిగే కొద్దీ ఆ మనసు అవసరాలు మారుతుంటాయి. వాటిని పట్టించుకోకపోతే కట్టిన ఫీజు కూడా వృథా అయిపోవచ్చు. ఈ సంగతి బి.ఎడ్. చదివే రోజుల్లోనే పుస్తకాల్లో చదివాను. కానీ నిజంగా నేర్చుకున్నది మాత్రం నేను చేసిన ఒక తప్పు వల్ల. ముందు ఆ తప్పు చెప్పి, తర్వాత పాఠం చెబుతాను.

నోటుబుక్కు చివరి పేజీ

2021 వేసవిలో కరోనా రెండో విడత ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో మీకు తెలుసు. ఆ సెప్టెంబరులో బడులు మళ్లీ తెరిచేసరికి మా ఏడో తరగతిలో ఒక అబ్బాయి తండ్రిని పోగొట్టుకుని వచ్చాడు. తండ్రి ఆటో నడిపేవారు. తల్లి ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుంది. ఒక ధార్మిక సంస్థ వారు ముందుకొచ్చి ఆ ఏడాది ఫీజంతా కట్టారు. మా స్టాఫంతా సంతోషించాం. ఇక ఆ పిల్లవాడి సమస్య తీరిపోయిందనే అనుకున్నాం.

అబ్బాయి అల్లరి చేసేవాడు కాదు. అడిగితే జవాబు చెప్పేవాడు, లేకపోతే లేదు. నోటుబుక్కులు దిద్దుతుంటే మాత్రం ఒక వింత కనిపించేది. ప్రతి పుస్తకం చివరి పేజీలో ఒకే నంబరు పది సార్లు, ఇరవై సార్లు రాసి ఉండేది. ఒకరోజు తరగతిలో అందరి ముందూ కోప్పడ్డాను. "ఈ పుస్తకాలు ఊరికే వచ్చాయనుకుంటున్నావా? ఎవరో పుణ్యాత్ములు కొనిస్తే వాటి మీద పిచ్చిగీతలా?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ చదువుల ఏడాది చివర్లో బడిలో సభ జరిగింది. ఆ సంస్థ పెద్దలు వేదిక మీద చెక్కులు పంచారు. మైకు నా చేతిలో ఉంది. పేరు పిలుస్తూ, దాతలకు వివరం తెలియాలని "తండ్రి లేని బిడ్డ" అని కూడా చేర్చాను. ఫోటో తీశారు. ఇలాంటి ఒక పుస్తకంలోనే అది అచ్చయింది. ఎవరి ఇంట్లోనో ఆ పుస్తకం చూసిన తోటి పిల్లలు దాన్ని బడికి తెచ్చారు. ఆ రోజు నుంచి వాడి పేరు పోయి 'చందా' అనే పేరు వచ్చింది. "ఏ చందా, ఇటు రా." పిల్లలకు అది ఆట. వాడికి కాదు.

జూన్‌లో బడి తెరిస్తే వాడు రాలేదు. రెండు వారాలు చూసి ఇంటికి వెళ్లాను. వెళ్లి కూడా మళ్లీ అదే తప్పు చేశాను. అమ్మ కష్టం చూడు, దాతల సొమ్ము చూడు, చదువుకోకపోతే ఏమవుతావు అంటూ అరగంట ఉపన్యాసం ఇచ్చాను. వాడు గచ్చు వైపే చూస్తూ కూర్చున్నాడు. గుమ్మం దాకా సాగనంపుతూ తల్లి నెమ్మదిగా అంది: "టీచర్‌గారూ, వాడికి చదువంటే భయం లేదు. ఆ ఫోటో అంటే భయం."

తర్వాత వారానికి ఒకసారి, గురువారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. చదువు మాట ఎత్తలేదు. చాయ్ తాగి, వాళ్ల చెల్లెలితో అష్టాచెమ్మా ఆడి వచ్చేదాన్ని. అయిదో వారమో ఆరో వారమో వాడే నోరు విప్పాడు. "టీచర్, అది పిచ్చిగీత కాదు. మా అబ్బా ఆటో నంబరు. ఆటో అమ్మేశారు. నంబరు మరిచిపోతానేమోనని రాసుకుంటున్నా."

ఏడాది పాటు ఆ బిడ్డ తన దుఃఖాన్ని నా బల్ల మీద పెడుతూనే ఉన్నాడు. నేను దానికి ఎర్ర సిరాతో కొట్టివేత గీసి తిరిగి ఇచ్చాను.

మనసుకు కావలసినవి

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఆకలైతే పిల్లలు అడుగుతారు. కానీ భయం, దిగులు, సిగ్గు, ఒంటరితనం వంటివి వచ్చినప్పుడు అడగడం వాళ్లకు చేతకాదు. ఏమని అడగాలో మాట కూడా తెలియదు. అందుకే ఒకరు కడుపునొప్పి అంటారు, ఇంకొకరు పక్కవాణ్ణి కొడతారు, మరొకరు అబద్ధం ఆడతారు, మా అబ్బాయిలాంటి వాళ్లు చివరి పేజీలో రాసుకుంటారు. పైకి కనిపించేది ప్రవర్తన. దాని కింద ఉన్నది అవసరం. పెద్దవాళ్ల పని ప్రవర్తనను చూసి అవసరాన్ని చదవడం.

ఆ అవసరాలు నాలుగైదే. నాకు భయం లేదు అనే భరోసా. నేను ఈ ఇంటివాణ్ణి, ఈ తరగతివాణ్ణి అనే కలుపుకోలు. నా మాట వినేవారు ఒకరున్నారనే నమ్మకం. నాకూ ఏదో ఒకటి చేతనవుతుందనే ధీమా. ఇది చేయవచ్చు, ఇది చేయకూడదు అని ప్రేమతో గీసిన హద్దు. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. అడిగిందల్లా కొనివ్వడం ఆదరణ కాదు. ఈరోజు ఒక మాట, రేపు ఒక మాట చెప్పే ఇంట్లో పెరిగే బిడ్డకు కొట్టే ఇంట్లో ఉన్నంత భయం ఉంటుంది.

ఒక్కో వయసుకు ఒక్కో రూపం

పుట్టిన నాటి నుంచి మూడేళ్ల దాకా బిడ్డకు కావలసింది మనిషి. ఎత్తుకునే చేతులు, గుర్తుపట్టే ముఖం, ఏడిస్తే వచ్చే అడుగుల చప్పుడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ వైద్యుడితో ఒక నివేదిక రాయించింది. 1951లో వచ్చిన ఆ నివేదిక సారాంశం ఇది: పాలు, పక్క, శుభ్రత అన్నీ ఉన్నా, తన మనిషి అనదగిన ఒకరితో నిలకడైన అనుబంధం లేకపోతే పసిబిడ్డ మనసు ఎదుగుదల దెబ్బతింటుంది. మన నానమ్మలు, అమ్మమ్మలు ఏ నివేదికా చదవకుండానే ఈ పని చేశారు. ఇప్పుడు యాప్రాల్ వంటి చోట్ల ఊరి నుంచి వచ్చి ఒంటరిగా కాపురం పెట్టిన జంటలే ఎక్కువ. తల్లి పనికి వెళ్తే బిడ్డ నాలుగిళ్లు మారుతుంది. చూసుకునే మనిషి ఎవరైనా ఫరవాలేదు గానీ, రోజూ ఒకరే అయితే బిడ్డకు మేలు.

మూడు నుంచి ఆరేళ్ల వయసులో బిడ్డ ప్రశ్నల పుట్ట. మారాం, అలక, ఉడుకుమోతుతనం అన్నీ అప్పుడే. ఈ వయసులో పిల్లలు లోకంలో జరిగేదంతా తమ వల్లే జరిగిందనుకుంటారు. తల్లిదండ్రులు పోట్లాడుకున్నా, ఇంట్లో ఒకరు చనిపోయినా, నేను అల్లరి చేసినందుకే ఇలా అయిందేమో అని లోపల కుమిలిపోతారు. కాబట్టి "నీ తప్పేమీ లేదు" అనే మాటను వాళ్లకు నోరు తెరిచి చెప్పాలి. పోయిన మనిషి గురించి "ఊరెళ్లాడు, వస్తాడు" అని చెప్పడం దయ అనుకుంటాం. అది దయ కాదు. బిడ్డ ప్రతి సాయంత్రం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు.

ఆరు నుంచి పన్నెండేళ్లు బడి వయసు. 1950లో వెలువడిన తన పుస్తకంలో ఎరిక్ ఎరిక్సన్ మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. అందులో ఈ దశకు అసలు ప్రశ్న, నాకు పని చేతనవుతుందా, లేక నేను అందరికంటే తక్కువవాడినా అనేది. ఈ వయసులో పోలిక విషం. "మీ అన్నను చూడు", "పక్కింటి పాపను చూడు" అన్న ప్రతిసారీ బిడ్డ ఒక అంగుళం కుంగుతాడు. మార్కులు రాని బిడ్డకు కూడా చేతనయ్యేది ఒకటి ఉంటుంది: బొమ్మ గీయడం, లెక్క అప్పజెప్పడం, చిన్నవాళ్లను చూసుకోవడం, అజాన్ తీయగా ఇవ్వడం. దాన్ని వెతికి పేరు పెట్టి మెచ్చుకోవాలి. "శభాష్" అని ఊరుకోకుండా, "ఆ రెండో లెక్క తప్పితే మళ్లీ చేశావు, అది నాకు నచ్చింది" అనాలి. అప్పుడు బిడ్డకు నమ్మకం కలుగుతుంది.

పదమూడు దాటాక కథ మారుతుంది. నిన్నటి దాకా కొంగు పట్టుకు తిరిగిన బిడ్డ తలుపు వేసుకుంటాడు. స్నేహితుడి మాట వేదవాక్కు, మన మాట చాదస్తం. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. గట్టిగా బిగిస్తారు, లేదా పెద్దవాడయ్యాడని పూర్తిగా వదిలేస్తారు. ఈ వయసులోనూ అవసరం పోలేదు, రూపం మారిందంతే. ఇప్పుడు బిడ్డకు కావలసింది గౌరవం. ఇంటి విషయాల్లో ఒక మాట అడగడం, అడిగాక ఆ జవాబుకు విలువ ఇవ్వడం, తప్పు చేస్తే నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పడం. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని పిల్లలు బండి వెనుక కూర్చున్నప్పుడో, రొట్టెలు చేస్తూ పక్కన నిలబడ్డప్పుడో చెబుతారు. ఆ సమయాన్ని మనమే కల్పించాలి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఈ వయసులో వాళ్ల మీద కట్టడి పెరుగుతుంది, వినేవారు తగ్గుతారు. శరీరంలో వచ్చే మార్పుల గురించి తల్లి ముందే చెప్పి ఉంటే భయం సగం తగ్గుతుంది. పదో తరగతి కాగానే పెళ్లి మాట వినబడే ఇంట్లో బిడ్డ పుస్తకం మీద మనసు పెట్టలేదు. ఫీజు మనం కట్టినా సరే.

తెలుగు పిల్లలు చెప్పిన మాట

ఇవన్నీ పరాయి దేశపు పుస్తకాల సంగతులు అనుకోనక్కర్లేదు. 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం 2002 నుంచి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. వీరిలో 2,000 మంది 2001-02లో పుట్టినవారు, 1,000 మంది 1994-95లో పుట్టినవారు. ఎంచుకున్న ప్రాంతాల్లో హైదరాబాదు కూడా ఉంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలో కూడా ఇదే అధ్యయనం జరిగింది. గత వారం రోజుల్లో టీచరు కొట్టారా అని ఇక్కడి ఎనిమిదేళ్ల పిల్లలను అడిగితే నూటికి 78 మంది అవునన్నారు. బడి ఎందుకు నచ్చదంటే ఎక్కువమంది చెప్పిన కారణం కూడా దెబ్బలే.

ఉపాధ్యాయురాలిగా ఇది నేను తల దించుకుని రాస్తున్న వాక్యం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మొక్కై వంగనిది మానై వంగునా అని కొందరు పెద్దలు వాదిస్తారు. మొక్కను వంచేవాడు కూడా తాడు కట్టి రోజుకు కాస్త వంచుతాడు గానీ కర్రతో కొట్టడు. ఫీజు బాకీ ఉన్న పిల్లలను తరగతిలో నిలబెట్టి పేర్లు చదవడం కూడా ఆ సెక్షన్ చెప్పే వేధింపే. దాతలుగా మీరు ఏ బడికి ఫీజు కడుతున్నారో ఆ బడిని ఈ విషయం అడిగే హక్కు మీకుంది.

దారి ఎలా ఉంటుందో చూపించినవారూ మన దగ్గరే ఉన్నారు. మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు 2016 అక్టోబరు 11 దాకా రంగారెడ్డి జిల్లాలోనివే. ఆ జిల్లాలోనే 1991లో ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పని పిల్లలను పనుల్లోంచి మాన్పించి బడికి పంపే ఉద్యమం మొదలుపెట్టింది. ఆ కృషికి ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పశువుల వెంట తిరిగిన పన్నెండేళ్ల పిల్లవాణ్ణి నేరుగా ఒకటో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే వాడు సిగ్గుతో మర్నాడే పారిపోతాడు. అందుకని అలాంటి పిల్లలకు విడిగా శిబిరాలు పెట్టి, చదువులో కొంత దారికి తెచ్చి, వాళ్ల వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. బ్రిడ్జి కోర్సు అని మనమంతా ఈనాడు అంటున్నది ఇదే. నా దృష్టిలో దాని బలం అంతా బిడ్డ సిగ్గుపడకూడదనే ఆ ఒక్క ఆలోచనలో ఉంది.

మన చుట్టూ ఉన్న పిల్లలు

మన ప్రాంతానికి కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. చుట్టూ సైనికుల కుటుంబాలు ఉన్నాయి. తండ్రికి బదిలీ అయినప్పుడల్లా బిడ్డ బడి, భాష, స్నేహితులు అన్నీ మారిపోతాయి. కొత్త అపార్టుమెంట్లు కట్టడానికి వచ్చిన కూలీల పిల్లలు ఆ కట్టడం పూర్తయ్యేదాకానే ఇక్కడ ఉంటారు. కొన్ని ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, బిడ్డకు ఆయన ఫోనులో ముఖమే. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మూడు భాషలు తెలియడం వరమే. కానీ దిగులు చెప్పుకోవాలంటే బిడ్డ తన ఇంటి భాషనే వెతుక్కుంటాడు. ఆ భాషలో ఒక్క మాట పలకరించే టీచరు ఉంటే చాలు. నేను "క్యా హువా బేటా" అంటే తెరుచుకున్న నోళ్లు ఎన్నో ఉన్నాయి.

అయిదో తరగతి నుంచే మైనారిటీ గురుకులాలకు వెళ్లే పిల్లలు కూడా మనకు ఉన్నారు. గురుకులాలు మన పిల్లలకు గొప్ప అవకాశం, సందేహం లేదు. కానీ పదేళ్ల బిడ్డ మొదటిసారి ఇల్లు విడిచినప్పుడు మొదటి నెల చాలా కష్టం. మాట ఇచ్చిన ఆదివారం నాడు తప్పకుండా వెళ్లండి. వెళ్లలేకపోతే ముందే కబురు పెట్టండి. గేటు దగ్గర సాయంత్రం దాకా ఎదురుచూసిన బిడ్డ ఆ రోజును పెద్దయ్యాక కూడా మరిచిపోడు.

పరీక్ష ఫలితాల వేళ

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తర్వాత కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి 0 వేశారు. ఆ తప్పులకు బాధ్యులు ఎవరన్నది వేరే చర్చ. ఇంట్లో ఉన్న మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మార్కు తప్పినా నేను మా ఇంట్లో ఉండవచ్చు అని ఆ వయసు బిడ్డకు మనం ముందుగా చెప్పి ఉంచామా?

ఈ మాట ఫలితాల రోజున చెబితే సరిపోదు. పరీక్షలకు ముందే, మామూలు రోజున, మామూలు గొంతుతో చెప్పాలి. "తప్పినా సప్లిమెంటరీ ఉంది. నువ్వు మాకు మార్కుల కంటే ఎక్కువ." దాత సాయంతో చదివే బిడ్డకు ఈ మాట ఇంకా అవసరం. ఎందుకంటే వాడి మీద ఇంటి బరువుతో పాటు, ఇంతమంది డబ్బు ఖర్చు పెట్టించానే అనే బరువు కూడా ఉంటుంది. "నీ మీద ఇంత ఖర్చు పెడుతున్నాం" అనే మాటను మనం ప్రోత్సాహం అనుకుని అంటాం. బిడ్డకు అది అప్పుల పత్రంలా వినిపిస్తుంది.

నిద్ర, తిండి బాగా తగ్గిపోయినా, ఇష్టమైన ఆటలు మానేసినా, తన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా, నేను లేకపోతే మీకే మంచిది అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, నేరుగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. వెంటనే వైద్యులకు చూపించండి. 14416 అనేది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే 1098కు ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ ప్రతి ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంచండి. మనసుకు జబ్బు చేస్తే డాక్టరు దగ్గరకు వెళ్లడం ఈమాన్ తక్కువై కాదు. జ్వరానికి మందు వేసుకున్నట్టే అది.

మనకు తెలిసిన ఆదర్శం

దైవప్రవక్త ముహమ్మద్ (స) పుట్టక ముందే తండ్రి పోయారు. ఆరేళ్ల వయసులో తల్లి పోయింది. ఎనిమిదేళ్లకు తాతగారు అబ్దుల్ ముత్తలిబ్ పోయారు. ప్రతిసారీ మరొకరు ముందుకొచ్చి ఆ బిడ్డను దగ్గరకు తీసుకున్నారు. తాత తర్వాత తండ్రి సోదరుడు అబూతాలిబ్ తన సొంత పిల్లలతో పాటు పెంచారు. అక్కడ అందింది భోజన భత్యం మాత్రమే కాదు, ఒక ఇల్లు, ఒక మనిషి.

అదే ప్రవక్త (స) పెద్దయ్యాక ఒక చిన్నపిల్లవాడి విషయంలో ఏం చేశారో బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. ఆ పిట్ట చనిపోయింది. పిల్లవాడు దిగులుగా ఉండటం చూసి ప్రవక్త (స) వాణ్ణి పేరు పెట్టి పలకరించి, ఆ పిట్ట గురించే అడిగారు. ఒక సమాజాన్ని నడిపిస్తున్న మనిషికి ఒక పిట్ట సంగతి అడిగే తీరిక దొరికింది. పిట్టే కదా, ఇంకోటి కొనుక్కుందువులే అనలేదు. పిల్లవాడికి పెద్దదైన దుఃఖాన్ని పెద్దదిగానే చూశారు. బి.ఎడ్. కళాశాలలో నేను చదివిన పాఠాలన్నీ ఈ ఒక్క సంఘటనలో ఉన్నాయి.

ఇక దానం గురించి. ఎత్తిపొడుపు మాటలతో, మనసు నొప్పించడంతో దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని సూరా అల్-బఖరా హెచ్చరిస్తుంది. కుడి చేయి ఇచ్చింది ఎడమ చేతికి తెలియనంత గుట్టుగా ఇచ్చేవారి గొప్పతనం హదీసులో ఉంది. గుప్తదానం ఇచ్చేవారి ఆత్మను కాపాడుతుందని మనం అంటుంటాం. అది పుచ్చుకునే బిడ్డ మనసును కూడా కాపాడుతుందని నాకు ఆ 'చందా' అనే పిలుపు నేర్పింది.

దాతలకు నా విన్నపాలు

మొదటిది, పిల్లల ఫోటోలు, పేర్లు వద్దు. లెక్కలు పారదర్శకంగా ఉండాలి, ఒప్పుకుంటాను. ఎందరికి, ఏ తరగతికి, ఎంత ఇచ్చామో అచ్చు వేద్దాం. ఎవరికి ఇచ్చామో కమిటీ రిజిస్టరులో ఉంటే చాలు. ఫీజు బడి ఖాతాకు నేరుగా వెళ్లాలి, వేదిక మీదుగా కాదు.

రెండోది, ప్రతి బిడ్డకు ఒక పెద్ద మనిషిని జత చేద్దాం. ఆడపిల్లకు స్త్రీయే ఉండాలి. తల్లికి తెలిసి, తల్లి ఉన్నప్పుడే కలవాలి. వారానికి అరగంట. మార్కులు అడగడానికి కాదు, ఎలా ఉన్నావని అడగడానికి. మూడు నెలలు వచ్చి మానేసేవారు మొదలుపెట్టకపోవడమే మేలు. ఇప్పటికే ఒకరిని పోగొట్టుకున్న బిడ్డకు మరొకరు మాయమైతే గాయం మళ్లీ రేగుతుంది. కనీసం ఒక చదువుల ఏడాది ఉంటానన్నవారే రావాలి.

మూడోది, తల్లిని మరవద్దు. తల్లి మనసు కుదుటపడితే బిడ్డ మనసు సగం కుదుటపడుతుంది. మిషన్ వాత్సల్య పథకంలో తండ్రి లేని పేద పిల్లలకు ఇంట్లోనే ఉంచి పెంచడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. కాగితాలు నింపడంలో తోడు వెళ్లే మనిషి దొరికితే ఆ తల్లులకు అదే పెద్ద సాయం.

నాలుగోది, మనం సాయం చేసే బడుల్లో టీచర్లకు ఏడాదికి రెండు రోజులైనా ఈ విషయం మీద శిక్షణ ఇప్పిద్దాం. మనోవైద్యుల చేత, అనుభవం ఉన్న కౌన్సిలర్ల చేత చెప్పిద్దాం. నాలాంటి పాతకాపులకే అది ఎక్కువ అవసరం.

అయిదోది, మీ ఇంట్లో పిల్లల సంగతి. ఊరి పిల్లల కోసం చెక్కు రాసే చేయి సొంత బిడ్డ తల మీద ఈ వారంలో ఎన్నిసార్లు పడిందో చూసుకోండి. కలిసి ఒక పూట భోజనం, ఆ పూట ఫోన్లు పక్కన, పెద్దవాళ్ల ఫోన్లతో సహా. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆ అబ్బాయి ఆగస్టులో బడికి తిరిగి వచ్చాడు. తరగతిలో ఆ పేరు పెట్టి పిలిచిన పిల్లలతో నేను విడిగా మాట్లాడాను. వాళ్లు చెడ్డ పిల్లలు కారు, మేము వేదిక మీద చేసిందే వాళ్లు తరగతిలో చేశారు. వాడికి కూడా నేను క్షమాపణ చెప్పాను. టీచరు సారీ చెప్పడం వాడికి కొత్త, ఏం చేయాలో తెలియక నవ్వాడు. పదో తరగతి మామూలు మార్కులతో పాసై పాలిటెక్నిక్‌లో చేరాడు. పోయిన ఈద్‌కు ఇంటికి వచ్చినప్పుడు కొత్త నోటుబుక్కు చూపించాడు. చివరి పేజీ చూశాను. నంబరు ఉంది, ఒక్కసారే రాసి ఉంది. కింద తండ్రి పేరు కూడా రాసుకున్నాడు.

ఈ ఏడాది మీరు ఫీజు కట్టబోయే పిల్లల పుస్తకాల చివరి పేజీల్లో కూడా ఏదో ఒకటి రాసి ఉంటుంది. దాన్ని చదవడానికి ఒక్కో బిడ్డకు ఒక్కో మనిషిని ఇవ్వండి. ఆ శక్తిని, ఓపికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.